బావి గట్టున సమాధానం

కుటుంబ ధ్యానం
చదువవలసిన వాక్యభాగాలు: ఆదికాండము 21:22-34, 26:12-33, మత్తయి సువార్త 18:15-17



వెంకటగిరికోట నుండి కుప్పం వరకు, ఇటు పుంగనూరు, మదనపల్లె వరకు ఉన్న మన పల్లెల్లో తగాదాలు ఎక్కడ పుడతాయని పెద్దవాళ్ళను అడిగి చూడండి. గట్టు దగ్గర, దారి దగ్గర, నీళ్ళ దగ్గర అంటారు. ఏడాది పొడుగునా పారే నది మనకు లేదు. పాలారు కర్ణాటకలో పుట్టి, మన సీమలో కొద్ది దూరం నడిచి, తమిళనాడులోకి వెళ్ళిపోతుంది. సరిహద్దులు దాటే ఇలాంటి నదుల నీటి కోసం 1892లోనే మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు ఒడంబడిక రాసుకున్నాయి. అయినా 2006లో పాలారు సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ప్రభుత్వాలకే ఇంత కష్టమైనప్పుడు, పక్కపక్కనే చేలున్న అన్నదమ్ములకు, ఒకే చెరువు కింద కయ్యలున్న ఇరుగుపొరుగుకు మాట రావడంలో ఆశ్చర్యం లేదు.

మాట వచ్చిన తరువాత మనం ఏం చేస్తున్నాం అన్నదే ప్రశ్న. కొండమీది ప్రసంగంలో ప్రభువు సమాధానాన్ని ప్రేమించేవారిని గురించి మాత్రమే మాట్లాడలేదు. సమాధానాన్ని కలిగించేవారిని ధన్యులన్నాడు. ప్రేమించడానికి ఇంట్లో కూర్చున్నా చాలు. కలిగించాలంటే లేచి నడవాలి, పొరుగువాని గడప తొక్కాలి, నోరు తెరవాలి.

ఈ నెల రెండు బావుల కథలు చూద్దాం. మొదటిది తండ్రిది, రెండవది కొడుకుది.

అబ్రాహాము అడిగాడు

అబ్రాహాము త్రవ్వించిన బావిని అబీమెలెకు దాసులు బలవంతంగా లాక్కున్నారు. ఎడారి అంచున బావి పోవడమంటే మందలు పోవడమే. అయినా అబ్రాహాము కర్రలు పట్టించి మనుషులను పంపలేదు. ఇంట్లో కూర్చుని గొణుక్కోనూ లేదు. అబీమెలెకు తన దగ్గరకు వచ్చినప్పుడు ముఖాముఖిగా ఆ సంగతి ఎత్తాడు. అప్పుడు అబీమెలెకు ఇచ్చిన జవాబును మన ఇళ్ళలో గోడమీద రాసి పెట్టుకోవచ్చు. ఈ పని ఎవరు చేశారో తనకు తెలియదని, అబ్రాహాము కూడా ఇంతవరకు చెప్పలేదని, ఈ వేళే వింటున్నానని అన్నాడు.

ఎన్ని తగాదాలకు ఈ ఒక్క జవాబు సరిపోతుందో ఆలోచించండి. ఒకరు నెలల తరబడి మనసులో పెట్టుకొని కుమిలిపోతారు. ఎదుటివారికి అసలు సంగతే తెలియదు. పలకరిస్తే ముఖం తిప్పుకున్నారని వారు కూడా నొచ్చుకుంటారు. ఇలా ఒక బాధ రెండవుతుంది.

మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు నేర్పిన వరుస ఇదే. నీ సహోదరుడు తప్పిదం చేస్తే ముందు నీవు, అతడు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకొని వెళ్ళు. అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజెయ్యి. ఇందులో మూడు మెట్లున్నాయి. మనం చాలాసార్లు ఈ మెట్లను తలక్రిందులుగా ఎక్కుతాం. మొదట పాల కేంద్రం దగ్గర నలుగురికీ చెబుతాం. తరువాత సంఘ పెద్దల చెవిన వేస్తాం. ఈ మధ్య సెల్‌ఫోనులో స్టేటస్ పెట్టడం కూడా నేర్చుకున్నాం. అసలు మనిషికి మాత్రం చిట్టచివర చెబుతాం, అదీ కోపంతో. ఊరంతా విన్న తరువాత ఆ మనిషి తప్పు ఒప్పుకోవాలన్నా పరువు అడ్డం వస్తుంది. ఇద్దరి మధ్య చెప్పమని ప్రభువు అనడంలో ఎదుటివాని పరువు కాపాడే దయ ఉంది. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎత్తవద్దని మన పెద్దలు అన్నారు కదా.

ఇలాంటి సంగతి ఒకటి అనుకోండి. అన్న చేను, తమ్ముని చేను పక్కపక్కనే ఉన్నాయి. తమ్ముడు టమాటా పంట కోసం అప్పు చేసి లోతుగా కొత్త బోరు వేశాడు. రెండు నెలలకు అన్న బోరులో నీళ్ళు తగ్గాయి, మల్బరీ తోట వాడుముఖం పట్టింది. పట్టుపురుగులకు ఆకు చాలడం లేదు. ఇప్పుడు అన్న రెండు విధాలుగా మొదలుపెట్టవచ్చు.

"నా కడుపు కొట్టడానికే బోరు ఏసినావు" అనవచ్చు. ఆ మాట తమ్ముని మనసులో ఉన్న ఉద్దేశానికి తీర్పు తీరుస్తుంది. దానికి జవాబు పోట్లాటే.

లేదా ఇలా అనవచ్చు. "తమ్ముడూ, నువ్వు బోరు ఏసినాక నా దాంట్లో నీళ్ళు తగ్గినాయి. నువ్వు కావాలని చేసినావని నేను అనను. ఆకు లేక పురుగులు చచ్చిపోతాయేమో అని భయంగా ఉంది. ఇద్దరం కలిసి చూద్దాం రా." ఇందులో జరిగింది ఉంది, తన బాధ ఉంది, కలిసి చేయవలసిన పని ఉంది. ఎదుటివాని హృదయం మీద తీర్పు లేదు. హృదయాలను చూసేవాడు దేవుడొక్కడే గనుక ఆ పని ఆయనకు వదిలిపెట్టడం మంచిది.

వదిన, మరదలు కూడా ఇదే వరుస పాటించాలి. మగవాళ్ళు చేను దగ్గర మాట్లాడుకొని వచ్చినా, ఇంట్లో ఆడవాళ్ళ మధ్య మాట తెగితే ఆ సమాధానం వారం నిలవదు. "అక్కా, నీ మాటకు నా మనసు నొచ్చింది. నువ్వు ఏమనుకొని అన్నావో చెప్పు" అని అడగడానికి పెద్ద చదువు అక్కరలేదు.

కొలత ముందు, కోపం తరువాత

అబ్రాహాము మరొక పని చేశాడు. ఆ బావి తానే త్రవ్వించానని సాక్ష్యంగా ఏడు ఆడ గొఱ్ఱెపిల్లలను వేరుగా నిలబెట్టి అబీమెలెకుకు ఇచ్చాడు. అంటే మాటతో వదిలిపెట్టక, రేపు ఎవరూ కాదనలేని గుర్తు పెట్టాడు. సమాధానం నిలవాలంటే ప్రేమతోపాటు కొలత కూడా కావాలి.

దీనికి మన జిల్లాలోనే జరిగిన ఒక మంచి ఉదాహరణ ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహాయంతో 2003 తరువాత కొన్ని సంవత్సరాలు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాన్ని కొలుచుకునే పథకం నడిచింది. ఆ ఏడింటిలో ఉమ్మడి చిత్తూరు జిల్లా ఒకటి. ఊరి రైతులు, స్త్రీలు, పురుషులు, వాన ఎంత పడిందో కొలిచారు. బోర్లలో నీరు ఎంత లోతున ఉందో కొలిచి రాశారు. రబీ పంట వేయకముందే ఈ ఏడు నేలలో ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని అందరి ముందు లెక్క వేసుకున్నారు. నీవు ఈ పంటే వెయ్యాలని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క అందరికీ కనిపించింది గనుక చాలామంది తమంతట తామే ఎక్కువ నీళ్ళు తాగే పంట తగ్గించుకున్నారు.

ఇందులో విశ్వాసులకు ఒక పాఠం ఉంది. "వాడే నా నీళ్ళు లాగేశాడు" అన్నది అనుమానం. బోరులోకి తాడు దించి ఇద్దరూ చూసిన కొలత నిజం. అనుమానం మీద వెయ్యి ఏళ్ళు పోట్లాడుకోవచ్చు. నిజం ముందు ఇద్దరూ ఒకే పక్క నిలబడతారు. వాన లేక ఊరంతా నీటిమట్టం పడిపోయి ఉండవచ్చు. నిజంగా తమ్ముని బోరు వల్లే తగ్గి ఉండవచ్చు. మొదటిదైతే అన్న అనుమానం వదులుకోవాలి. రెండవదైతే తమ్ముడు పూచీ పడాలి. రోజు మార్చి రోజు మోటరు వేసుకోవడం, ఒక బోరు నుండే రెండు చేలకూ పైపు వేసుకొని ఖర్చు పంచుకోవడం, ఒకరు డ్రిప్పు పెట్టుకోవడం వంటి దారులు అప్పుడు కనిపిస్తాయి.

కుదిరిన మాటను కాగితం మీద రాసి ఇద్దరూ చెరొకటి పెట్టుకోండి. "మేము విశ్వాసులం, కాగితం ఎందుకు?" అని కొందరంటారు. విశ్వాసులకు తండ్రి అయిన అబ్రాహామే సాక్ష్యం పెట్టాడు. ఇవాళ మాట్లాడుకున్నవారు రేపు ఉండకపోవచ్చు. వారి పిల్లలకు ఆ కాగితం కావాలి. ప్రభుత్వ నియమం కూడా తెలిసి ఉండాలి. 2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, ఊరి మంచినీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదంటుంది. చట్టాన్ని పాటించడం కూడా పొరుగువానిని ప్రేమించడమే.

ఇస్సాకు వదిలిపెట్టాడు

ఇప్పుడు కొడుకు కథకు వద్దాం. తండ్రి త్రవ్వించిన బావులను ఫిలిష్తీయులు మట్టితో పూడ్చివేశారు. ఇస్సాకు వాటిని మళ్ళీ త్రవ్వించాడు. గెరారు లోయలో కొత్త బావి తవ్వితే అక్కడి కాపరులు నీళ్ళు మావేనన్నారు. దానికి ఏశెకు అని పేరు పెట్టి ముందుకు వెళ్ళాడు. రెండవ బావి దగ్గరా జగడమే. దానికి శిత్నా అని పేరు పెట్టి ఇంకా ముందుకు వెళ్ళాడు. మూడవ బావి దగ్గర జగడం రాలేదు. దేవుడు చోటిచ్చాడని దానికి రహెబోతు అన్నాడు.

మన ప్రసంగాల్లో ఈ కథ చెప్పి, ఎప్పుడూ వదిలిపెట్టేవాడే మంచి క్రైస్తవుడని ముగిస్తుంటాం. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఇస్సాకు ఆ ఏడు నూరంతల పంట కోసినవాడు, మందలు, దాసులు ఉన్నవాడు. ఇంకో బావి తవ్వించుకునే శక్తి అతనికి ఉంది. ఒకటిన్నర ఎకరం, ఒక్క బోరు, బ్యాంకులో అప్పు ఉన్న రైతుతో "ఇస్సాకులాగా నువ్వు కూడా వదిలెయ్యి నాయనా" అని చెప్పడం సులభం, భరించడం కష్టం. వదులుకోవడం బలవంతుని చేతిలో ఉన్నప్పుడు అది త్యాగం. బలహీనుని మీద రుద్దినప్పుడు అది అన్యాయం. గనుక మధ్యవర్తిగా వెళ్ళేవారు ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి: ఈ ఇద్దరిలో వదులుకోగలిగిన వారెవరు?

అబ్రాహాము, లోతుల కాపరులకు గొడవ వచ్చినప్పుడు పెద్దవాడైన అబ్రాహామే చిన్నవానికి ముందు ఎంచుకునే హక్కు ఇచ్చాడు (ఆదికాండము 13). భూమి పంచుకొనేటప్పుడు ఒకరు భాగాలు వేస్తే మరొకరు ముందు కోరుకోవడం కూడా ఈ తీరుదే. భాగాలు వేసేవాడు అప్పుడు సమానంగానే వేస్తాడు. పెద్దరికం అంటే ముందు తీసుకోవడం కాదు, ముందు ఇవ్వడం.

ఇంకొక సంగతి. ఇస్సాకు వదిలిపెట్టి వెళ్ళాడే గాని మరచిపోయినట్టు నటించలేదు. తరువాత అబీమెలెకు తనంతట తానే వెతుక్కుంటూ వచ్చినప్పుడు, నన్ను ద్వేషించి పంపివేశారు కదా, మళ్ళీ ఎందుకు వచ్చారని సూటిగా అడిగాడు. గాయాన్ని పేరు పెట్టి పలికాడు. ఆ తరువాతే విందు చేశాడు, తెల్లవారి ప్రమాణం చేసుకున్నారు. ఆ దినమే నీళ్ళు పడ్డాయని దాసులు వచ్చి చెప్పారు. జరిగింది జరగలేదని బుకాయిస్తే అది క్షమాపణ కాదు. జరిగింది నిజమే, అయినా నీతో కలిసి భోజనానికి కూర్చుంటానని చెప్పడం క్షమాపణ.

ఈ మౌనం సమాధానం కాదు

ప్రియులారా, ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. యిర్మీయా కాలంలో ప్రజల గాయాన్ని పైపైన కట్టి, సమాధానం లేనిచోట సమాధానం ఉందని చెప్పిన ప్రవక్తలున్నారు. మన సంఘాల్లో కూడా ఆ ప్రమాదం ఉంది.

భర్త తాగి వచ్చి కొడుతుంటే, "ఓర్చుకో అమ్మా, ప్రార్థన చేసుకో, ఇంటి గుట్టు బయట పెట్టొద్దు" అని ఆమెను తిరిగి పంపడం సమాధానపరచడం కాదు. ముందు ఆమె, పిల్లలు క్షేమంగా ఉండాలి. గృహహింస నుండి స్త్రీలను కాపాడేందుకు 2005లో చట్టం వచ్చింది. స్త్రీల సహాయానికి 181, పిల్లల కోసం 1098, అత్యవసరానికి 112 నంబర్లు ఉన్నాయి. పిల్లలకు కీడు జరిగినచోట, కులం పేరుతో మనిషిని అవమానపరచినచోట రాజీ పంచాయితీ చేయడానికి సంఘ పెద్దలకు అధికారం లేదు. అక్కడ న్యాయమే సమాధానానికి మొదటి మెట్టు. మత్తయి 18 సహోదరుని తప్పును సరిదిద్దడానికి ఇచ్చిన మార్గం, నేరాన్ని దాచిపెట్టడానికి ఇచ్చిన తెర కాదు.

భూమి తగాదాలు, అప్పులు, చిన్న కేసుల సంగతి వేరు. కొరింథులోని విశ్వాసులు ఒకరిమీద ఒకరు వ్యాజ్యాలకు వెళ్ళడం చూసి పౌలు బాధపడ్డాడు. కోర్టులో ఓడినవాడు అక్కడ ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడని మనమూ అంటాం. ఇప్పటికే కేసు వేసుకున్నవారికి కూడా దారి ఉంది. న్యాయ సేవల చట్టం 1987లో చేయబడి 1995లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం జరిగే లోక్ అదాలత్‌లో ఫీజు లేదు. కోర్టులో కట్టిన ఫీజు కూడా తిరిగి ఇస్తారు. ఇద్దరూ ఒప్పుకున్న రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందుచేత సంతకం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చదివించుకొని వినండి.

సంఘంలో మాట వచ్చినప్పుడు

మన ప్రాంతం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒకే బెంచీ మీద తెలుగు మాట్లాడేవారు, తమిళం మాట్లాడేవారు, కన్నడం వచ్చినవారు కూర్చుంటారు. ఏ భాషలో పాట పాడాలి, క్రిస్మస్ చందా లెక్క ఎవరు చెప్పాలి, కమిటీలో ఎవరుండాలి అన్న దగ్గర మనసులు విరుగుతాయి. ఫిలిప్పీ సంఘంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు మాట పడనప్పుడు పౌలు ఎవరిది తప్పో రాయలేదు. ఇద్దరూ సువార్త పనిలో తనతో ప్రయాసపడినవారని గుర్తు చేశాడు, వారికి సహాయం చేయమని మూడవ మనిషిని బ్రతిమాలాడు. మధ్యవర్తి పని ఇదే. రెండు పక్షాల మంచిని గుర్తు పెట్టుకోవడం, ఒకరి దగ్గర విన్నది మరొకరి దగ్గర మోయకుండా ఉండడం.

ఇది సాధ్యమేనా అని అడిగేవారికి మన దక్షిణ దేశ సంఘ చరిత్రే జవాబు. 1919లో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల సేవకులు కూడి, మనం విడివిడిగా ఎందుకుండాలని మాట్లాడుకున్నారు. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్యగారు వారిలో ఒకరు. బిషప్పులుండాలా, అభిషేకం ఎవరివ్వాలి అన్న ప్రశ్నల మీద 28 ఏళ్ళు మాటలు సాగాయి. అజరయ్యగారు ఆ ఫలం చూడకుండానే 1945 జనవరి 1న ప్రభువు సన్నిధికి వెళ్ళారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ఐక్య సంఘాల వారు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. ఆర్కాట్ మిషను నాటిన మదనపల్లె ప్రాంతపు సంఘాలు కూడా అందులో చేరాయి.

అందరూ ఆ రోజే చేరలేదు. మన రాయలసీమలోనే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ విశ్వాసులు చాలామంది అప్పుడు వేరుగా నిలిచారు. వారు 1975లో చేరారు. మరో 28 ఏళ్ళు! ఇంతకాలం తలుపు మూసివేయకుండా ఉంచడం కూడా సమాధానపరచడంలో భాగమే. మన అన్నదమ్ములు మొదటిసారి పిలిస్తే రాకపోవచ్చు. పిలుపు మానకండి.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం మరొక సాక్ష్యం. ఈ ఐక్యతకు ఎన్నో ఏళ్ళ ముందే వేర్వేరు మిషనులు కలిసి క్షయ రోగుల కోసం అక్కడ ఆసుపత్రి కట్టాయి. డెన్మార్కు నుండి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించారు. సిద్ధాంతంలో ఇంకా కలవనివారు రోగి మంచం దగ్గర కలిశారు. మాటలతో తెగని ముడి కలిసి చేసే పనితో వదులవుతుంది. మాట పడని ఇద్దరికి సంఘంలో ఒకే పని అప్పగించి చూడండి.

ఈ నెల మన ఇంట్లో

1. ప్రభువు భోజనానికి ముందు వారంలో మత్తయి 5:23-24 చదవండి. అక్కడ ప్రభువు, నీకు ఎవరిమీద కోపముందో చూసుకో అనలేదు. నీమీద ఎవరికి బాధ ఉందో గుర్తుకు వస్తే వెళ్ళమన్నాడు. ఆ మనిషి పేరు దేవుని ఎదుట చెప్పండి.

2. ఆ వారంలోనే వారి ఇంటికి వెళ్ళండి. ఫోనులో కాదు, మరొకరి ద్వారా కాదు. మొదట వారి మాట చివరిదాకా వినండి.

3. మీ తప్పు ఉన్నమేరకు "నేను చేసింది తప్పు" అనండి. "నువ్వు అలా చేసినావు కాబట్టి నేను ఇలా చేసినాను" అన్నది క్షమాపణ కాదు, రెండో తగాదా.

4. పిల్లలు గొడవపడినప్పుడు దెబ్బలు వేసి ఆపకండి. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకరి తరువాత ఒకరిని చెప్పనివ్వండి. రేపు గట్టు దగ్గర నిలబడేది వాళ్ళే.

5. ఎదుటివారు వినకపోతే కుంగిపోవద్దు. సాధ్యమైతే, మీ చేతనైనంత మట్టుకు సమాధానంగా ఉండమని పౌలు రోమీయులకు రాశాడు. మీ చేతిలో ఉన్నది మీరు చేయండి. మిగిలినది దేవుని చేతిలో ఉంది.

ప్రార్థన

సమాధానకర్తవగు దేవా, మేము పూడ్చివేసిన బావులను మళ్ళీ త్రవ్వే ధైర్యం మాకు ఇవ్వు. అడగవలసినచోట అబ్రాహామువలె అడుగుటకు, వదలవలసినచోట ఇస్సాకువలె వదలుటకు, బలహీనులకు అన్యాయం జరిగేచోట మౌనంగా ఉండకుండుటకు మాకు జ్ఞానం దయచేయి. మా చేలకు వాన, మా ఇండ్లకు నెమ్మది అనుగ్రహించు. సిలువచేత మమ్మును నీతో సమాధానపరచిన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.